పెద్దనాన్న తుడిచిన కుర్చీ

మొన్న నాగ్‌పూర్‌లో మా ఆయనకు సూది వేయించాక, ఇక ఆరు నెలల దాకా రానక్కర్లేదని డాక్టరుగారు చెప్పగానే, కారులో మమ్మల్ని తీసుకెళ్ళిన మా ఆడపడుచు కొడుకు "బతికిపోయాం అత్తా" అన్నాడు. ఒకప్పుడు నేనూ సరిగ్గా అలాగే అనుకున్నానని వాడికేం తెలుసు!

మన వయసు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, కొత్త కంపెనీల టీవీలూ రెడీమేడ్ బట్టలూ ఊళ్ళమీద వచ్చిపడిన రోజులవి. చంద్రపూర్‌లో మా పెద్దనాన్న బట్టల దుకాణం ఆ రెడీమేడ్ల దెబ్బకు పలచబడుతున్నప్పుడే ఆయనకు ప్రొస్టేట్ క్యాన్సర్ బయటపడింది. మందు ప్రొటీన్ జాతిది, మింగితే కడుపులోనే అరిగిపోతుంది కనుక రోజూ చర్మం కింద సూదిగా వేయాలన్నారు. మా ఊళ్ళోనే తుకుం పేటలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సును కదా, ఆ పని నా మీద పడింది. చంటిపిల్లను అత్తగారి దగ్గర వదిలి వచ్చిన ఆరాటంతో, డ్యూటీ దిగగానే సైకిల్ తొక్కుకుంటూ ఆయన ఇంటికి వెళ్ళేదాన్ని. బొగ్గు ఊరు మాది, పొద్దున తుడిచిన చోట సాయంత్రానికి మళ్ళీ మసి పేరుకుంటుంది. నేను వచ్చే వేళకు పెద్దనాన్న భుజం మీది తువ్వాలుతో వరండాలో కుర్చీ తుడిచి ఉంచేవాడు. సూది చిటికెలో పని. ఆ తరువాత కబుర్లు మాత్రం తెగేవి కావు, రాజురా నుంచి వచ్చే పాత గిరాకీలు ఇప్పుడు దుకాణం ముందు నుంచే ఎలా తప్పుకుపోతున్నారో చెప్పుకుంటూ పోయేవాడు. నేను గోడ గడియారం చూస్తూ లోపల్లోపల విసుక్కునేదాన్ని.

ఇంతలో నెలకొకసారి వేస్తే చాలనే సూది నాగ్‌పూర్‌కు వచ్చింది. ఆపరేషన్ కుట్లకు వాడే, ఒంట్లోనే కరిగిపోయే దారం ఉంటుందే, అలాంటి పదార్థంతోనే పిండిలాంటి రేణువులు చేసి వాటిలో మందు నింపుతారట. అవి మెల్లగా కరుగుతుంటే మందు నెల పొడుగునా కొద్దికొద్దిగా దిగుతుందట. పెద్దనాన్న జన్మంతా దారం గట్టిదని ఒట్టేసి బట్ట అమ్మినవాడు. "కరిగిపోయే దారం గూడ మంచిదేనా బిడ్డా?" అని నవ్వి, ఆగి, "అయితే నువ్వు రోజు రావా ఇగ?" అన్నాడు. ఇక ఆ బాధ లేదు పెద్దనాన్నా అని సంబరంగా చెప్పాను. ఆయనకు రోజూ సూదిపోటు తప్పిందని అందరితో అన్నాను గానీ, నా సంబరమంతా సాయంత్రాలు నా చేతికొచ్చినందుకే. ఆ నెలనెలా సూదికి కూడా ఆయన్నే మా ఆసుపత్రికి రమ్మని వేసి పంపేదాన్ని.

మందు బాగానే పనిచేసింది, ఇంకొన్నేళ్ళు బతికాడు. ఆయన పోయాక పెద్దమ్మ ఒకరోజు, "నువ్వు రావని తెల్సి గూడ రోజు పొద్దుమూకంగ ఆ కుర్చీ తుడిచి పెడుతుండె బిడ్డా" అంది. నింద వేయలేదు, ఊరికే చెప్పింది. నిందించినా బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఇప్పుడు మా ఆయనకూ అదే జబ్బు. ఆరు నెలల సూది వచ్చింది, మంచిదే. మనిషి రోజూ గడప తొక్కాల్సిన పనులే ఒక్కొక్కటిగా లేకుండా పోయాయి. మొన్న మమ్మల్ని గేటు దగ్గర దింపాక, మా ఆయన ఏదో చెప్పబోతూ కారు తలుపు పట్టుకుని నిలబడ్డారు. ఆడపడుచు కొడుకు ఇంజను ఆపలేదు. వాడిని ఏమనడానికి నాకు నోరెక్కడిది? కారు మలుపు తిరిగాక మా ఆయన వరండాలోకి వచ్చి మసి పట్టిన కుర్చీని తువ్వాలుతో తుడవసాగారు. ఎవరి కోసమని అడగలేక లోపలికి వెళ్ళిపోయాను.