గుర్రాల శాలలో పాలు పొంగిన రోజు

చిన్నప్పుడు ఒక శనివారం పొద్దున... అమ్మా, నాన్నా, నేనూ అమెరికాలో మేముండే ప్లెయిన్స్‌బరో నుంచి కార్‌లో గుర్రాల శాలకి బయల్దేరాం. గృహప్రవేశానికి!

నిజమేనండీ... గుర్రాల శాలే.

సాహితి వాళ్లు అంతకుముందు మా పై ఫ్లోర్‌లోనే ఉండేవాళ్లు. పొద్దున స్కూల్ బస్ దగ్గర్నుంచి సాయంత్రం పప్పన్నం దాకా ఇద్దరం కలిసే. వాళ్లమ్మ వసుధ ఆంటీ ఆర్కిటెక్ట్. ఎప్పుడో విక్టోరియా రాణి కాలంలో కట్టిన బీరు ఫ్యాక్టరీ ఒకటి మూతపడి ఉంటే, దాని గుర్రాల శాలని ఇళ్లుగా మార్చే పని వాళ్ల ఆఫీస్‌కి వచ్చింది. పని పూర్తయ్యేసరికి ఆంటీకి ఆ బిల్డింగ్ ఎంత నచ్చేసిందంటే... అందులోనే ఒక ఇల్లు రెంట్‌కి తీసేసుకున్నారు.

ప్రింట్ తీసిన మ్యాప్ కాగితాలు ఒళ్లో పెట్టుకుని, దారంతా అమ్మది ఒకటే గోల. "గుర్రాల్ని కట్టేసిన చోట కాపురమేంటండీ, చోద్యం కాకపోతే!"

కార్ దిగాక మాత్రం ఆ కాగితాలు సీట్లో పడేసి, తల పైకెత్తి చూస్తూ నిలబడింది.

ఎర్ర ఇటుకల గోడలు... ఏనుగు పట్టేంత కమాను గుమ్మాలు... నడి గుమ్మం పైన రాతిలో చెక్కిన గుర్రం తల. కప్పు మీద చుట్టూ చెక్క రెక్కలున్న బుల్లి గోపురం. మా అపార్ట్‌మెంట్లన్నీ అట్టపెట్టెల్లా ఒకేలా ఉండేవి. నంబర్ చూస్తే గానీ ఏది మాదో తెలిసేది కాదు.

నా కడుపుమంట అక్కడే మొదలైంది.

లోపల పంతులుగారు "ముందు ఆవు నడవాలమ్మా" అన్నారు. సాహితి వాళ్ల నాన్న... అంకుల్ "ఇన్నేళ్లు గుర్రాలు నడిచాయి కదండీ, సర్దుకుపోదాం" అనేసరికి అందరూ ఒకటే నవ్వు. ఆంటీ పాలు పొంగించారు.

ఆ తర్వాత సాహితి పట్టులంగా ఎత్తి పట్టుకుని వచ్చినవాళ్లందరికీ బిల్డింగ్ చూపించడం మొదలెట్టింది.

"కింద బీరు పీపాల బళ్లు పెట్టేవాళ్లు. గుర్రాలు పైన ఉండేవి."

"పైనా? ఎలా ఎక్కేవమ్మా?" అన్నారు నాన్న.

"ర్యాంప్ ఉంది అంకుల్!"

నిజంగానే ఉంది... ఇటుకలు పరిచిన ఏటవాలు దారి, గిట్టలు జారకుండా మధ్యమధ్యలో గట్లు. గుర్రాల అంతస్తు పైన గడ్డి అటక. అక్కణ్ణుంచి గడ్డి కిందికి తోసే చెక్క గొట్టం. కళ్లలో ఎండ పడకూడదని కిటికీలు అంత ఎత్తులో పెట్టారట. లోపలి వేడీ వాసనా బయటికి పోవడానికి ఆ గోపురమట. బీరు బండి వీధిలోకొస్తే జనం ముందు చూసేది గుర్రాల్నే కాబట్టి, పనివాళ్ల ఇళ్లకన్నా గొప్పగా వాటికి ఇల్లు కట్టారట. లారీలొచ్చాక గుర్రాలు పోయాయి... శాల గరాజ్ అయింది, తర్వాత గోడౌన్, ఆ తర్వాత పావురాల పాలు.

"ఎంత బాగా చెప్తోందో!" అని ఒకటే మెచ్చుకోళ్లు. మా అమ్మ అయితే దాని బుగ్గ పుణికింది. మా అమ్మ!

అది చాలదన్నట్టు పక్కింటి ఎమిలీ వచ్చింది... సాహితి కొత్త ఫ్రెండ్. ఇల్లు చూసుకోడానికి వచ్చినప్పుడల్లా ఇద్దరూ గడ్డి అటక మీద దిళ్లేసుకుని ఆడుకోడానికి ఒక బుల్లి డెన్ కట్టుకున్నారట.

"రా, నువ్వూ ఎక్కు" అంది సాహితి.

"నాకేం ఇంట్రెస్ట్ లేదు" అని ర్యాంప్ పైకొసన కూలబడ్డాను. పైనుంచి వాళ్ల నవ్వులు వినిపిస్తుంటే పళ్లు నూరుకున్నాను.

కాసేపటికి వసుధ ఆంటీ పులిహోర ప్లేటుతో వచ్చి, పట్టుచీరతోనే నా పక్కన కూర్చున్నారు. ఏమైందని అడగలేదు. నా చెయ్యి తీసుకుని పక్కనున్న పాత చెక్క కమ్మీ మీద పెట్టారు. అంచంతా గుంటలు గుంటలు.

"గుర్రాల పళ్ల గాట్లురా ఇవి."

"ఆకలేసి కొరికాయా ఆంటీ?"

"కొన్ని ఊరికే తోచక. కొన్నేమో... పక్క గుర్రానికి ముందు దాణా పెట్టారని ఉక్రోషం పట్టలేక. వడ్రంగి నున్నగా చేసేస్తానన్నాడు, నేనే వద్దన్నా."

నాకు ఏడుపు ఆగలేదు. "మీరు మళ్లీ మా పైకి వచ్చేయండి ఆంటీ..."

ఆంటీ నా తల నిమిరారు. "రాలేం నాన్నా" అన్నారు.

బయల్దేరే టైమ్‌కి కార్ డోర్ తీస్తే... వెనక సీట్‌లో సాహితి! చెప్పుల్లేకుండా, బెల్ట్ కూడా పెట్టేసుకుని.

"నేనూ వస్తా. మీ దగ్గర అందరూ కింద ఆడుకుంటారు. ఇక్కడ ఎమిలీ ఒక్కతే... తను కూడా ఇవాళ సాయంత్రం వాళ్ల డాడీ దగ్గరికి వెళ్లిపోతుంది, ప్రతి వీకెండూ అంతే." నా వైపు తిరిగి "యూ ఆర్ సో లక్కీ" అంది.

నేనా! లక్కీనా! నిజం చెప్పొద్దూ... ఆ రోజు మొత్తంలో నా మనసు చల్లబడింది ఆ ఒక్క నిమిషమే. అంకుల్ దాన్ని ఎత్తుకుని దించేసరికి మళ్లీ ఇద్దరం ఏడుపే.

తిరుగుదారిలో అమ్మ మొదలెట్టింది. "ఆ వంటింట్లో వెలుతురు చూశారా అండీ..."

"ఆ ర్యాంప్ మాత్రం..." అన్నారు నాన్న. కార్‌లో ముగ్గురం కుళ్లుకుంటూ ఇంటికొచ్చాం.

తర్వాత కొన్ని బర్త్‌డేలకి కలిశాం... తర్వాత ఫోన్లు... తర్వాత వాళ్లు కాలిఫోర్నియాలో శాన్ రామన్ వెళ్లిపోయారు. ఈమధ్య అటువైపు పనుండి ఆగి చూశాను. ఫ్యాక్టరీ పడగొట్టేసి పార్కింగ్ చేశారు. శాల ఒక్కటే మిగిలింది, కానీ ఎవరో కొనేసి మొత్తం ఆఫీసులకిచ్చారు. శనివారం కదా... ఒక్క కిటికీలోనూ లైట్ లేదు, ఎక్కడా పోపు వాసన లేదు.

చాలాసేపు నిలబడ్డాను. కుళ్లుకుందామన్నా అక్కడ ఎవరూ కాపురం ఉండట్లేదు.

మీరు చిన్నప్పుడు ఎవరిల్లు చూసి ఇలా కుళ్లుకున్నారు? మొహమాటపడకుండా కింద రాసేయండి... నాకు తోడుంటారు.