తలకొట్టని తవ్వ

మా చిన్నప్పుడు... ఓ పొద్దున్నే మా మామ్మ బియ్యం కొలిచే ఇత్తడి తవ్వని పరికిణీ కుచ్చిళ్ళలో దాచుకుని దొడ్డిదారిన బడికి పారిపోయాను. మామ్మంటే మా నాన్నగారి అమ్మ. తవ్వ లేనిదే ఆవిడకి పొయ్యి వెలగదు. అయినా దొంగిలించాను... తప్పలేదు మరి!

దెందులూరు దాటి కొల్లేరు వైపు దిగితే మా ఊరు. యాభైల్లో సంగతి. మా లెక్కల మాస్టారు సత్యానందం గారు బెత్తం పట్టి ఎరగరు. ఆయనకి ముందున్నాయన పెట్టిన తొడపాశాలు మాకింకా మానలేదు. కానీ సత్యానందం గారి ఉద్యోగం అప్పటికి ఖాయం కాలేదు. ఆ రోజు ఏలూరు నుంచి ఇన్‌స్పెక్టరు గారొస్తున్నారు. పాఠం బాగుందని రాస్తే మాస్టారుంటారు... లేకపోతే పెట్టే బేడా సర్దుకోవడమే.

పాఠమేమో ఘనపరిమాణాలు. బడిలో కూర్చోడానికి బల్లలే లేవు, ఇక చూపించడానికి నమూనాలెక్కడివి? అందుకని తలా ఒకటీ ఇంటినుంచి తెచ్చాం. గోళానికి సున్నుండ తెచ్చిన సుబ్బడు, ఇన్‌స్పెక్టరు గారు వచ్చేలోపు దాన్ని అర్ధగోళం చేసేశాడు. స్థూపం నా వంతు... అదే, మామ్మ తవ్వ.

మాస్టారు దారంతో తవ్వ మూతీ ఎత్తూ కొలిచి, అదే మూతి, అదే ఎత్తు వచ్చేలా అట్టని చుట్టి చింతగింజల జిగురుతో శంకువు అంటించారు. శంకువు నిండా బియ్యం మూడుసార్లు పోస్తే తవ్వ సరిగ్గా నిండాలి. అంటే స్థూపంలో శంకువు మూడోవంతన్నమాట. బియ్యం కూడా పాపం ఆయనే తెచ్చుకున్నారు.

ఇన్‌స్పెక్టరు గారు వచ్చారు... నల్లకోటు, చేతిలో నోటుబుక్కు, ఉప్పు తక్కువైన కూర తిన్నట్టు మొహం. "ఏదీ, ఆ అమ్మాయిని చెయ్యమనండి" అన్నారు. వేలు నావైపే ఉంది!

నా చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. మా ఇంట్లో కొలతంటే పైన గోపురం నిలవాలి, నాలుగు గింజలు జారాలి. అంచు వెంబడి చెయ్యి రాసి చదును చేసేస్తే దాన్ని తలకొట్టడం అంటారు. తలకొట్టి కొలిస్తే లక్ష్మి గడప దాటిపోతుందని మామ్మ నమ్మకం. నేనూ అలాగే శంకువు మీద గోపురం కట్టి పోశాను. రెండోసారికే తవ్వ ఇంచుమించు నిండిపోయింది. మూడోసారికి దాని నెత్తిన గోపురం లేచి, మిగతా బియ్యం నేలపాలయ్యాయి.

"ఏవండీ మాస్టారూ, మూడు పడతాయన్నారు... పొంగిపోయిందే? మీ శంకువు తప్పా, మీ లెక్క తప్పా?" అంటూ ఇన్‌స్పెక్టరు గారు పెన్సిలు తీశారు.

మాస్టారి మొహంలో నెత్తురుచుక్క లేదు. "తలకొట్టి పొయ్యమ్మా వరాలూ" అన్నారు నెమ్మదిగా. నేను తవ్వకి చేతులడ్డం పెట్టి బేర్‌మన్నాను. "అమ్మో, మా మామ్మ చంపేస్తుందండీ!"

అనడమేమిటి... గుమ్మంలో మామ్మ!

"ఏవే వరాలూ! అక్కడ ఎసరు మరిగిపోతుంటే తవ్వ ఎత్తుకొచ్చేస్తావుటే?" అంటూనే నేల చూసింది. "అయ్యో అయ్యో, అన్నపూర్ణని తొక్కేస్తున్నారు!"

ఇన్‌స్పెక్టరు గారు ఒక అడుగు వెనక్కి వేశారు. "దీంతో మూడుసార్లు పోస్తే తవ్వ సరిగ్గా నిండాలి, మీ మనవరాలు గోపురాలు కట్టి మా లెక్క పాడుచేసిందమ్మా" అన్నారు.

"పాడవడమేంటి బాబూ? ఈ గరాటుకి మూడుసార్లూ గోపురం పెట్టిందా? మూడు గోపురాలు ఎక్కువొచ్చాయి. ఒకటి తవ్వ నెత్తినుంది. రెండు నేలమీదున్నాయి. ఇంకెక్కడికి పోతాయండీ?"

మాస్టారు ఒక్క గంతులో నల్లబల్ల దగ్గరికెళ్ళి ఆ మాటే బొమ్మలు గీసి చూపించారు. ఇన్‌స్పెక్టరు గారు ఊరికే నమ్మే మనిషి కాదు. కోటు విప్పి, గొంతుక్కూర్చుని, తవ్వలోని బియ్యంతో శంకువుని తలకొట్టి నింపుకుని, నేలమీది బియ్యం ఎత్తి దాని మీద పోశారు. ఒక గోపురం నిలిచింది. దాన్ని పక్కకి తీసి మళ్ళీ పోశారు. రెండోది కూడా నిలిచింది... ఓ నాలుగు గింజలు తక్కువగా.

"నాలుగు తగ్గాయే" అన్నారాయన.

"తమరి కాలికింద ఉన్నాయండీ, తియ్యండి" అంది మామ్మ.

తీశారు. ఉన్నాయి! అప్పుడు నవ్వారండీ ఆ మహానుభావుడు... క్లాసు క్లాసంతా గొల్లుమంది. "చదువెంతవరకమ్మా?" అనడిగితే, "మాకు చదువెక్కడిదండీ, వంటేగా" అని మామ్మ తవ్వ లాక్కుని వెళ్ళిపోయింది. ఆ నెలలోనే మాస్టారి ఉద్యోగం ఖాయమైంది. దొంగతనానికి నాకు మొట్టికాయలు పడ్డాయి... అవీ గోపురం కొలతే.

ఆ మాస్టారి చలవే, నేనూ తాడేపల్లిగూడెంలో లెక్కల టీచరునయ్యాను. మొన్న మా మనవరాలి కూతురికి ఈ ప్రయోగం చూపిద్దామని, ఆ మామ్మ తవ్వకే సరిపడా అట్ట శంకువు చేశాను. ఆ పిల్ల ప్రతిసారీ స్కేలుతో చక్కగా తలకొట్టి పోసింది. మూడుసార్లకి తవ్వ సరిగ్గా నిండింది. ఒక్క గింజ ఎక్కువ లేదు, తక్కువ లేదు. "కరెక్టేనా తాతమ్మా?" అంది.

కరెక్టేనమ్మా అన్నాను... కానీ ఆ తవ్వని చూస్తుంటే, ఎవరో మా ఇంట్లో అర్ధాకలితో లేచి వెళ్ళిపోయినట్టనిపించింది.

మీ ఇంట్లో ఆఖరిసారి గోపురం కట్టి కొలిచిందెవరండీ? ఆవిడ పేరు రాయండి... ఒక్కసారి పైకి చదువుకుంటాను.