డాక్టరాంటీ జింకల దారి

"లాటరీలో నా పేరు వచ్చిందే!" అని డాక్టరాంటీ ఫోన్లో అరిచేసరికి ఆఫీసులో కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. మావాళ్ళలో లాటరీ అంటే హెచ్-వన్ వీసా ఒక్కటే. రిటైరైన డాక్టరు, నేను పుట్టకముందే అమెరికా సిటిజన్ అయిన మనిషి. ఈవిడకు వీసా ఏమిటి?

"కంగ్రాట్స్ ఆంటీ. ఎవరికి? మీ చెల్లెలి కొడుక్కా?"

"వాడి గోల ఎందుకే? నాకే. మగ జింకని కొట్టడానికి లైసెన్స్. ఎన్నేళ్ళ నుంచి అప్లై చేస్తున్నానో! సెప్టెంబర్‌లో కొండెక్కాలి. నువ్వొచ్చి బ్యాగ్ మొయ్యి."

కొలరాడోలో పై కొండల్లో వేటాడాలంటే అలాంటి లాటరీ ఒకటి తగలాలని నాకు అప్పుడే తెలిసింది. పట్టుచీరలో మా ఇంటికి పులిహోర తెచ్చే మనిషి తుపాకీ కూడా పడుతుందని మాత్రం మింగుడుపడలేదు. పాపం కదా ఆంటీ, అన్నాను.

"నీ ఫ్రీజర్‌లో మేక ఉంది చూడు, అది అక్కడే పుట్టిందా?"

బ్యాగ్ మోస్తానని ఒప్పుకున్నాను.

అసలు సంగతి ఆవిడ మోకాళ్ళు. రెండూ అరిగిపోయాయి. అక్టోబర్‌లో ఆపరేషన్. ఆ తర్వాత అంత ఎత్తుకు ఎక్కే మాట మరిచిపొమ్మని సర్జన్ తేల్చి చెప్పాడు. అంటే జింక దొరికినా దొరకకపోయినా ఆవిడకు ఇదే ఆఖరి కొండ.

జింకలు ఎక్కడ మేస్తున్నాయో చూసి రావడానికి ఆగస్టు చివర్లో ఒకసారి ఎక్కాం. చెట్లు ఆగిపోయి, గడ్డీ రాళ్ళూ మాత్రమే మిగిలే ఎత్తు అది. అక్కడ మొదటిసారి వాటిని చూశాను. ఇంగ్లీషులో మ్యూల్ డీర్, అంటే కంచరగాడిద జింక. ఆ పేరు పెట్టినవాడికి చెవులు తప్ప ఇంకేమీ కనిపించినట్టు లేదు. చాటంత చెవులే, కాదనను. కానీ మా అలికిడికి ఒకటి నాలుగు కాళ్ళూ ఒకేసారి లేపి, బంతిలా ఎగురుకుంటూ ఆ నిట్టనిలువు వాలు ఎక్కేసింది. నేను అదే వాలు మీద ఊపిరందక కూర్చుండిపోయి ఉన్నాను.

"చలికాలమంతా కింద పొదల్లో ఉంటాయే," అంది ఆంటీ. "ఎండలు ముదిరేకొద్దీ కొండ అడుగు నుంచి పైకి మంచు కరుగుతూ వస్తుంది. దాని వెనకే లేత గడ్డి, గడ్డి వెనకే ఇవి. మంచు పడిందా, మళ్ళీ అదే దారిలో దిగిపోతాయి. పిల్ల ఒక్కసారి తల్లి వెంట నడిస్తే చాలు, ఇక మర్చిపోదు."

నేనైతే ఫోన్ చెప్పకపోతే మా వీధి మలుపు కూడా తిరగలేను. ఈ జీవాలను చూస్తే నాకు నిజంగా గౌరవం కలిగింది.

ఎదురుగా కొండల మధ్య కనుమ చూపించింది ఆంటీ. అవి దిగే దారి అదే. లైసెన్స్ మాత్రం కనుమకు ఇవతలి వైపే చెల్లుతుంది.

సెప్టెంబర్‌లో మేం వెళ్ళేసరికి తొందరపడి మంచు పడింది. తెల్లారి, వేటకెళ్ళేవాళ్ళు తప్పక వేసుకోవాల్సిన నారింజ రంగు కోట్లు తొడుక్కుని గుడారంలోంచి బయటికొస్తే కొండంతా తెల్లబడి ఉంది. ఆంటీ ముఖం వాడిపోయింది. "వెళ్ళిపోతాయే," అంది. ఆవిడ అడుగడుక్కీ పళ్ళు బిగబట్టుకుంటూ ఎక్కింది, వెనక నేను.

అవి అప్పటికే కదిలాయి. ముందు ఆడవి, వాటి వెంట పిల్లలు. ఒకదాని అడుగులో ఇంకొకటి అడుగు వేస్తూ, గాభరా లేకుండా. చాలాసేపటికి మగవి వచ్చి బండల చాటునే దాటిపోయాయి. ఒక్కటి మిగిలింది, అన్నిటికంటే పెద్దది. ఆంటీ మంచులో బోర్లా పడుకుని గురి పెట్టింది. అది పరిగెత్తి, సరిగ్గా కనుమ నెత్తిన ఆగి వెనక్కి చూసింది. ఈ జింకలకు అదొక అలవాటట, వేటగాళ్ళు కాచుకునేది ఆ క్షణం కోసమేనట.

"కొట్టండి ఆంటీ!"

ఆ మాట అన్నది నేనే. పాపం పుణ్యం ఏమీ గుర్తు రాలేదు, ఆవిడకు ఆ జింక దక్కాలి, అంతే.

ఆంటీ వేలు కదల్లేదు. జింక వెనక ఆకాశం తప్ప ఏమీ లేదు. "గురి తప్పితే గుండు అవతల ఎవరికి తగులుతుందో!" అని గొణిగింది. అది తాపీగా తల తిప్పుకుని అటువైపు దిగిపోయింది.

నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఆంటీ తుపాకీలోంచి గుండు తీసేసి, చెయ్యి ఇమ్మంది. కిందికి దిగడానికేమో అనుకున్నాను. కాదు, కనుమ దాకా ఎక్కాలంది. అడుగడుగునా ఆగుతూ ఎక్కాం.

అవతల లోయంతా జింకలే. ఎన్ని కొండల నుంచి వచ్చి కలిశాయో, తెల్లటి మంచులో బారులు తీరి దిగుతున్నాయి. అంత అందమైన నడక నేనెక్కడా చూడలేదు. ఆంటీ మంచులోనే కూర్చుని, ఆఖరిది కనుమరుగయ్యేదాకా రెప్ప వేయలేదు.

"జూన్‌కల్లా అవి మళ్ళీ ఎక్కుతాయే," అంది, కళ్ళు తుడుచుకుంటూ. "నేనే ఎక్కను."