నీళ్లు అక్కర్లేని బ్యాటరీ

దయ్యం అనే మాట నా ముందు ఎవరైనా ఎత్తితే వాళ్లను ఆ రోజంతా ఏడిపించి వదిలేవాణ్ణి. సిరోంచలో నా సోలార్ దుకాణానికి వచ్చేవాళ్లందరికీ ఈ సంగతి తెలుసు. కరెంటు పని చేసేవాడికి దయ్యాలతో ఏం పని? వైరు తెగితే దీపం ఆరుతుంది, కలిపితే వెలుగుతుంది. అలాంటి నేను మొన్న ఎండాకాలం ఒక ఖాళీ గదిలో నిలబడి, చనిపోయిన మా బావకు లిథియం బ్యాటరీ గురించి పాఠం చెప్పాను. నవ్వుకునేవాళ్లు నవ్వుకోండి. జరిగింది జరిగినట్టే చెబుతాను.

మాది అంకిస. మా అక్క లచ్చక్కను జిమల్‌గట్ట అవతల ఒక చిన్న ఊరికి ఇచ్చాం. వాళ్ల ఇల్లు ఊళ్లో కాదు, పొలంలో ఉంటుంది. కరెంటు స్తంభాలు అక్కడిదాకా రానే లేదు. అందుకే బావ రాజమల్లు ఎప్పుడో సోలార్ పెట్టించుకున్నాడు. మొదట దీపాలకు, ఫ్యానుకు. తర్వాత అక్కకు ఊపిరితిత్తుల జబ్బు వచ్చి, డాక్టర్లు ఇంట్లో ఆక్సిజన్ మిషన్ పెట్టుకోమన్నాక ప్యానెళ్లు పెంచి, రెండు పెద్ద ట్యూబులర్ బ్యాటరీలు తెచ్చాడు. మిషన్ రాత్రంతా నడిస్తేనే అక్కకు నిద్ర. ఆగిందంటే లేచి కూర్చుని, తెల్లారేదాకా ఊపిరి కోసం తంటాలు పడాల్సిందే.

ఆ పాతరకం బ్యాటరీలతో ఒక జంజాటం ఉంది. ఛార్జ్ అయ్యేకొద్దీ లోపలి నీళ్లు తగ్గిపోతాయి. మూతలు విప్పి డిస్టిల్డ్ వాటర్ పోస్తూ ఉండాలి. చాలామంది పట్టించుకోరు, బ్యాటరీలను ఎండగట్టి చంపి నా దగ్గరికి మోసుకొస్తారు. బావ అలాంటివాడు కాదు. ప్రతి ఆదివారం పొద్దున్నే గడ్డం గీసుకుని, స్నానం చేసి, వెనక గది తలుపు తీసి, ఒక్కో మూత తువ్వాలతో తుడిచి మరీ పోసేవాడు. అవి కూడా దుకాణం నీళ్లు కావు. వానాకాలంలో ఉతికిన ధోతిని ఆరుబయట నాలుగు కర్రలకు కట్టి, దాని మీద పడ్డ వాన నీళ్లు డ్రమ్ములో పట్టుకుని ఏడాదంతా వాడేవాడు. సొంత బామ్మర్ది దుకాణంలో ఒక్క డబ్బా కొని ఎరగడు!

"మీ డబ్బల నీళ్లు ఎవడు నమ్ముతడు బామ్మర్ది? మొగులు నీళ్లకు మించినయి ఉన్నయా?" అనేవాడు. నాకు ఒళ్లు మండేది.

పోయిన దసరా దాటాక బావ గుండెపోటుతో పోయాడు. అప్పటికే బ్యాటరీలు కూడా ముసలివైపోయాయి. తెల్లారకముందే మిషన్ కుయ్యిమని ఆగిపోతోంది. మేనల్లుడు ముల్చేరలో ఉద్యోగం చేస్తాడు, నెలకోసారి వస్తాడు. ఇంట్లో ఉండేది అక్కా, కోడలు సునీతా. ఎండలు ముదరకముందే నేను పట్టుబట్టి లిథియం బ్యాటరీ తెచ్చాను.

ఆ రోజు నా హుషారు చూడాల్సింది! పాత బ్యాటరీ ఒక్కటి కదలాలంటే ఇద్దరు మనుషులు కావాలి. లిథియం పెట్టెను నేనొక్కణ్ణే ఎత్తుకుని లోపలికి నడిచాను. నీళ్లు అక్కర్లేదు, యాసిడ్ వాసన ఉండదు, లోపల ఉన్న ఛార్జ్ దాదాపు అంతా వాడుకోవచ్చు. కంట్రోలర్‌లో సెట్టింగులు పాత రకం నుంచి కొత్త రకానికి మార్చాను. మళ్లీ మళ్లీ చూసుకున్నాను.

పాత బ్యాటరీలు తీసేటప్పుడు మాత్రం ఒక వింత కనిపించింది. బావ పోయి నెలలు దాటింది, మూతలు విప్పితే నీళ్లు నిండుగా, గీత దాకా ఉన్నాయి. సునీతను మెచ్చుకున్నాను.

"నేనెన్నడు పొయ్యలే మామా," అంది సునీత. "ఆ గదిలకు పోవుడే బంద్ చేసినం. మా మామ వాన నీళ్ల డ్రమ్ముల ఇప్పుడు బియ్యం పోసుకుంటున్నం."

మొహమాటపడుతోంది అనుకున్నాను. పాత బ్యాటరీలు బండిలో వేసుకుని సిరోంచ వచ్చేశాను.

మర్నాడు పొద్దున్నే అక్క ఫోన్. "తమ్మీ, తెల్లారిందాక నిద్రవోయిన రా! ఒక్కసారి గూడ ఆగలే!" అంటూ చిన్నపిల్లలా ఒకటే సంబరం. నేను దుకాణంలో గెంతినంత పని చేశాను. ఆ వారమంతా వచ్చినవాడికల్లా మా అక్క నిద్ర గురించే చెప్పాను.

ఆదివారం పొద్దెక్కాక సునీత ఫోన్ చేసింది. మిషన్ ఆగిపోయిందట, అవసరానికని ఇంట్లో ఉంచిన ఆక్సిజన్ సిలిండర్ మీద అక్కను పెట్టిందట. ఆ సిలిండర్ కొన్ని గంటలకే వస్తుంది. బైకు తీశాను. ఆ రోడ్డు మీద అంత జోరుగా నేనెప్పుడూ వెళ్లలేదు.

గది తలుపు తీసి చూస్తే లిథియం పెట్టె మీద నీళ్లు. ఒలికిన నీళ్లు కావు. ఆరు చోట్ల, ఒకే వరుసలో, సమాన దూరంలో చిన్న చిన్న మడుగులు. పాత బ్యాటరీకి మూతలు ఎలా ఉంటాయో సరిగ్గా అలాగే. అంచున కారిన తడి స్విచ్చులోకి దిగి బ్యాటరీ ఆగిపోయింది. శుభ్రంగా తుడిచి, ఆరబెట్టి, మళ్లీ నడిపించాను. తర్వాత సునీత మీద విరుచుకుపడ్డాను.

"నాకేం పనిలేదా మామా, డబ్బ మీద నీళ్లు పోసుకుంట కూసుంటనా?" అని సునీత కూడా గట్టిగానే తగులుకుంది. "అత్తమ్మ పానం దాని మీదనే ఉన్నదని నాకు తెల్వదా?"

పైకప్పు చూశాను. ఎక్కడా చిల్లు లేదు, అసలు వాన పడితే కదా కారడానికి! గోడలు ఎండకు కాలిపోతున్నాయి. నీళ్లలో ఎంత ఉప్పు కలిసి ఉందో చూపే చిన్న మీటరు ఒకటి నా సంచిలో ఉంటుంది. వాళ్ల బోరు నీళ్లలో పెడితే అంకె గబగబా పైకి పోయింది. తుడిచే ముందు పెట్టె మీది నుంచి కాసిని నీళ్లు గ్లాసులోకి పట్టి ఉంచాను. అందులో పెడితే అంకె కదలనే లేదు. అంత స్వచ్ఛమైన నీళ్లు ఆ చుట్టుపక్కల దొరకాలంటే వానలు పడాలి.

అప్పటికీ నేను నమ్మలేదు. ఎవరో ఆకతాయి పని అనుకున్నాను. నా సొంత తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని వచ్చాను. తర్వాతి ఆదివారం పొద్దున్నే నేనే వెళ్లి ఆ తాళం తీశాను.

మళ్లీ ఆరు మడుగులు. ఇంకా తాజాగా ఉన్నాయి.

నా చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. భయం అని చెప్పలేను. కొత్త మిషన్ ఏదో చేతికొచ్చినప్పుడు నాకు గుండె ఎలా కొట్టుకుంటుందో అలా కొట్టుకుంది. బయటికొచ్చి అక్క మంచం పక్కన కూలబడి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. అక్క సిగ్గుపడుతూ నవ్వింది.

"మీ బావనే రా. ఆయన పోయినప్పటి సంది ప్రతి ఆదివారం పొద్దుగాల ఆ రేకు తలుపు సప్పుడైతది. ఆయన దగ్గు గూడ ఇనవడ్తది. చెప్తే మీరు నవ్వుతరని చెప్పలే."

గదిలో కెమెరా పెడతానన్నాను. అక్క కళ్లెర్రజేసింది. "మొగడు పెండ్లాం నడుమ కెమెరా పెడ్తవా? సిగ్గుండాలె!"

సరే, కెమెరా మానుకున్నాను. కానీ నీళ్ల సంగతి మాత్రం తేల్చుకోవాలి. తడి ఇంకా లోపలికి దిగితే బ్యాటరీ పూర్తిగా పోతుంది. అర్ధరాత్రి పోయిందంటే, సిలిండర్ అయిపోయేలోగా అక్కను అహేరి దవాఖానకు చేర్చగలమా?

అందుకని, చెప్పాను కదా, గదిలోకి వెళ్లి తలుపు దగ్గరికేసి, కొత్త గిరాకీకి చెప్పినట్టు మొదటి నుంచీ చెప్పాను. "బావా, ఇది లిథియం. దీనికి మూతలు లేవు, చూడు. లోపల నీళ్లే లేవు, తగ్గుడు లేదు. నువ్వు పోస్తే అక్క మిషిన్ ఆగిపోతది. అక్కకు ఊపిరి ఆడది. ఇగ నువ్వు పరేషాన్ కావద్దు, నేను చూసుకుంట." గదిలో ఇన్వర్టర్ చప్పుడు తప్ప ఏమీ లేదు. అయినా బావ ఎప్పట్లాగే చేతులు కట్టుకుని వింటున్నట్టే అనిపించింది.

తర్వాతి ఆదివారం పెట్టె పొడిగా ఉంది. ఆ తర్వాత కూడా పొడిగానే ఉంది. నా సంతోషం అంతా ఇంతా కాదు! చచ్చినవాడికి సైతం లిథియం అర్థమయ్యేలా చెప్పగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే అని సునీతతో గొప్పలు కూడా పోయాను.

ఆ గొప్ప ఎన్నో రోజులు నిలవలేదు. సునీత మళ్లీ ఫోన్ చేసింది. ఈసారి ఏడుస్తోంది. "మిషిన్ మంచిగనే నడుస్తున్నది మామా. అత్తమ్మనే ముక్కుకు పైపు పెట్టుకుంటలేదు. రాత్రి నేను బతిమిలాడితే జరసేపు పెట్టుకుంటది, మళ్ల తీసేస్తది."

వెళ్లేసరికి అక్క గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. పెదవులు నల్లబడ్డాయి. నన్ను చూడగానే మొహం తిప్పేసుకుంది. ఒక్కో మాటకూ ఆగి ఊపిరి తీసుకుంటూ అంది.

"ఏం చెప్పినవ్ రా ఆయనకు? పని లేదన్నవట. ఇగ వస్తలేడు. సప్పుడు లేదు, దగ్గు లేదు. ఆయన రాని ఇంట్ల నాకు గాలెందుకు?"

అక్క ఊపిరి కోసమే కదా నేను ఇదంతా చేసింది! ఆ గదిలో చప్పుడు కోసమే ఆమె బతుకుతోందని నాకెలా తెలుస్తుంది?

సిరోంచకు పరుగెత్తాను. పాత బ్యాటరీల్లో ఒకటి ఇంకా దుకాణం వెనకాలే పడి ఉంది. దాన్ని మళ్లీ బండెక్కించి తీసుకొచ్చి, ఆ గదిలోనే లిథియంకు దూరంగా, ఇంకో మూలన పెట్టాను. ఏ వైరూ కలపలేదు. ఆరు మూతలూ విప్పి, నీళ్లు కావాలనే కిందిదాకా తీసేశాను. "బావా, దీనికి పొయ్యాలె. దానికి వద్దు, దీనికే," అని చేత్తో చూపించి మరీ చెప్పాను. తాళం వేసి తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాను. అది శనివారం. ఆ రాత్రి అక్కడే పడుకున్నాను. అక్కకు పైపు లేకుండా ఆ వెనక గది దాకా నడిచే శక్తి లేదు, సునీత ఆమె మంచం పక్క నుంచి కదల్లేదు.

తెల్లారింది. నాకు ఏ చప్పుడూ వినిపించలేదు. అక్క మాత్రం ఉన్నట్టుండి నిటారుగా కూర్చుని, "తియ్యి పోరా తలుపు," అంది.

తీశాను. ఆరు అరల్లోనూ నీళ్లు గీత దాకా ఉన్నాయి. మూతల మీద దుమ్ము లేదు, తువ్వాలతో తుడిచినట్టు మెరుస్తున్నాయి. పక్క మూలన లిథియం పెట్టె ఎండిన ఆకులా పొడిగా ఉంది. "నిండినయ్ అక్కా!" అని నేను వేసిన కేకకు పొలంలో కొంగలు లేచాయి. అక్క పకపకా నవ్వింది, నవ్వలేక దగ్గింది, పైపు తనే అందుకుని ముక్కుకు పెట్టుకుంది. సునీత ఏడుస్తూనే మిషన్ స్విచ్ వేసింది.

"ఇగ నువ్వు ఆయనకేం చెప్పకు తమ్మీ," అంది అక్క, ఊపిరి కాస్త కుదురుకున్నాక.

ఇది ఎవరు చేస్తున్నారో, ఎలా చేస్తున్నారో నాకు తెలియదు. యాసిడ్ చిక్కదనం కొలిచే గాజు గొట్టంతో ఆ బ్యాటరీని చాలాసార్లు పరీక్షించాను. ప్రతిసారీ ఇంకా పలచబడుతోంది, అంటే లోపలికి నిజంగానే మంచి నీళ్లు చేరుతున్నాయి. అంతకు మించి నా మీటర్లు ఏమీ చెప్పవు. దయ్యాలున్నాయా అని ఎవరైనా అడిగితే ఇప్పుడు మాట మార్చేస్తున్నాను.

అక్క రాత్రంతా నిద్రపోతోంది. దేనికీ కలపని బ్యాటరీలో నీళ్లు వాటంతటవి తగ్గవు కాబట్టి, నేనే వీలు చూసుకుని వెళ్లి కాసిని తీసేసి వస్తున్నాను. ఆదివారానికి బావకు పని ఉండాలి కదా.