ఇంకా పుట్టని అవ్వ

"కంటి డాక్టరు కాగితం నాకింగా రాలేదు మ్మా," అంది మా ఇంటి ఓనరమ్మ, మా పాపకు జడ వేస్తూ. "మూలింట్లో రేషన్ అంగడి ఆయప్పకి వచ్చేసిండాది. ముప్పై అయిదేండ్లు కూడా ఉండవు ఆయప్పకి."

బియ్యం కడుగుతున్న నా చేతులు నీళ్లలోనే ఆగిపోయాయి. డాక్టరు దగ్గరికి రమ్మనే ఆ కాగితాలు ఎవరికి పోవాలో తేల్చింది నేను రాసిన ప్రోగ్రామే.

మా వీధి చివర ఒక ధర్మ కంటి ఆసుపత్రి ఉండేది. ఆరు నెలలకొకసారి పెద్ద డాక్టరు వచ్చి, ఒక్క ఆదివారంలో అరవై మందిని చూసి, ఆపరేషన్‌కు ఎంచుకునేవాడు. వయసులో పెద్దవాళ్లు ముందు రావాలి. పేర్ల జాబితాను ఆ వరసలో పెట్టే పని నేనే అడిగి తీసుకున్నాను. వైట్‌ఫీల్డ్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో నాది అదే ఉద్యోగం, పైతాన్ అనే కంప్యూటర్ భాషలో ఇలాంటి ప్రోగ్రాములు రాయడం. నేను ఉద్యోగానికి వెళ్తుంటే నా ఇద్దరు పిల్లలనూ చూసుకుంటున్నది ఈ ఓనరమ్మే. పిల్లలకు ఆమె అవ్వ. ఆమె ఎడమ కంటికి పొర పూర్తిగా కమ్మేసింది, కుడి కన్ను కూడా మసకబారుతోంది. ఇంకో ఆరు నెలలు ఆగితే ఏమవుతుందో నాకు తెలియదు.

ఆ రోజు శుక్రవారం, డాక్టరు వచ్చేది ఎల్లుండే. కంప్యూటర్ తెరిచి జాబితా చివరికి వెళ్లాను. అవ్వ అక్కడుంది. ఆమె చుట్టూ వీధిలోని ముసలివాళ్లంతా ఉన్నారు. ఆసుపత్రి రిజిస్టరులో పుట్టిన సంవత్సరం రెండంకెల్లోనే రాశారు. అరవై తొమ్మిది మొదలు తొంభై తొమ్మిది దాకా ఉంటే పైతాన్ దాన్ని పోయిన శతాబ్దం కింద లెక్కేస్తుంది. అంతకు తక్కువైతే ఈ శతాబ్దం. పంతొమ్మిది వందల ముప్పై అయిదులో పుట్టిన అవ్వను రెండు వేల ముప్పై అయిదుకు తోసేసింది.

రాసినప్పుడు నేను పరీక్షించకపోలేదు. మా ఆయన పుట్టినరోజు, నాది, పిల్లలవి ఇచ్చి చూశాను. నాలుగూ సరిగ్గా వచ్చాయి. మా ఇంట్లో పెద్దవాళ్లెవరూ లేరు మరి.

పుట్టిన సంవత్సరం ఈ ఏడాదిని దాటితే నూరు తగ్గించమని ఒక వాక్యం చేర్చాను. ఆ తర్వాత ఆసుపత్రిలోని నర్సమ్మకు ఫోన్ చేశాను.

"నాకూ డౌట్ వచ్చింది మేడం," అంది ఆమె. "కంప్యూటర్ చెప్పింది కదా అని ఊరుకున్నా. డాక్టరుతో నేను మాట్లాడతా, ఆదివారం సాయంత్రం దాకా కూర్చోని వీళ్లనీ చూడమంటా. కానీ ముసలోళ్లకి రేపే చెప్పాల. సగం మందికి ఫోన్లు లేవు."

కింద అవ్వ వాటాకు దిగి ఆమెకు అంతా చెప్పాను. చెప్తూనే ఏడ్చేశాను.

"అంటే నేనింగా పుట్టనే లేదంటావా?"

"ప్రోగ్రామ్ లెక్కలో అంతే అవ్వా."

"పుట్టకముందే నీకు ఇల్లు బాడిగకిచ్చినానా నేను? బాగుండాది మ్మా నీ చదువు." నవ్వి, నా చెయ్యి వెతికి పట్టుకుంది. "ఏడస్తావెందుకు. పేర్లు చదువు, ఇండ్లు నేను చెప్తా."

నేను ఒక్కో పేరూ చదివాను, ఆమె ఇల్లు చెప్తూ పోయింది. పిండి మిషన్ పక్క సందు, రెండో వాకిలి. ఆయనకి చెవుడు, తలుపు గట్టిగా తట్టల్ల. ఈయమ్మ కూతురింటికి పోయిండాది, వాళ్లది మెయిన్ రోడ్డు. నలభై ఏళ్లుగా ఆ వీధిలో ఉన్న మనిషి, ఒక్క ఇల్లు కూడా తడబడకుండా చెప్పింది. నా తప్పును మోయడానికి ఆమె నా పక్కన కూర్చుందని ఇప్పుడు ఇది రాస్తుంటే మళ్లీ తెలుస్తోంది. ఇలాంటి మనిషి ఇంట్లో నా పిల్లలు పెరిగారు.

తెల్లవారి పిల్లలిద్దరికీ ఇడ్లీ పెట్టి చెప్పాను. "ఈ పూట అవ్వతో కలిసి మనం చాలా ఇళ్లకు వెళ్లాలి. మెట్ల దగ్గర అవ్వ చెయ్యి వదలకండి. కాగితం ఎందుకు రాలేదని ఎవరైనా అడిగితే కంప్యూటర్ తప్పు చేసిందని మాత్రం అనకండి. మా అమ్మ తప్పు చేసింది, దిద్దుకోవడానికి వచ్చింది అని చెప్పండి."