గుర్రాలు బయటికి వెళ్ళిన ఆదివారం

నా చిన్నప్పుడు అమెరికాలో, న్యూజెర్సీలోని పార్సిప్పనీ ఊళ్ళో తెలుగు కుటుంబాలు చాలా తక్కువ. ఒక చర్చి బేస్‌మెంట్ హాల్లో మా ఆదివారపు ఆరాధన జరిగేది. అది ముగిశాక పెద్దవాళ్ళు పైకి వెళ్ళి కాఫీ తాగేవారు, పిల్లలం కిందే ఆడుకునేవాళ్ళం.

మా నాన్నగారి స్నేహితుడు ఒకాయనకి పాత సినిమా యంత్రాలంటే ప్రాణం. మేమంతా అంకుల్ అని పిలిచేవాళ్ళం. ఒకసారి ఆయన చేత్తో తిప్పే ప్రొజెక్టర్ తెచ్చారు. బొమ్మల్ని కదిలించడానికి తొలిరోజుల్లో ఎందరో ఏళ్ళ తరబడి తంటాలు పడ్డారనీ, ఆ పనిలో కొంత మన న్యూజెర్సీలోనే జరిగిందనీ చెప్పారు. అప్పటి ఫిల్మ్ మందుగుండులా మండేదట. నీళ్ళు పోసినా ఆరేది కాదట. వేడి దీపం ముందు కాస్త ఆగితే చాలు, అంటుకునేదట.

"డోంట్ వర్రీ, ఇది తర్వాత వచ్చిన సేఫ్ ఫిల్మ్," అని నవ్వి లైట్లు ఆర్పారు.

గోడ మీద గుర్రాలు బండిని లాక్కుంటూ దౌడు తీశాయి. పిల్లలు కేరింతలు కొట్టారు. అందరిలో పెద్దదాన్ని, నేను అంకుల్ పక్కనే నిలబడ్డాను. కాసేపటికి ముక్కు మండే వాసన వచ్చింది. ఫిల్మ్ చుట్టలోంచి గోధుమరంగు పొడి రాలి ఆయన చేతి మీద పడింది. ఆయన ముఖంలో నవ్వు పోయింది. ఎవరో ఎప్పుడో ఆ చుట్టకి పాత ఫిల్మ్ అతికించారు. మందుగుండులా మండుతుందని ఆయన చెప్పిన ఫిల్మ్ అది, పాడై పొడిగా రాలుతోంది.

ఆయన చెయ్యి మాత్రం ఆగలేదు.

"పిల్లలూ, ఈ గుర్రాలు ఇప్పుడు మన పార్కింగ్ లాట్‌లోకి వెళ్తాయి. రన్ చేస్తే బెదిరిపోతాయి. చేతులు పట్టుకుని మెల్లగా వెళ్ళి చూడండి."

"అంకుల్, నా షూ!" అంటూ ఒక చిన్నది ఆగిపోయింది.

"గుర్రం తెచ్చిస్తుందిలే, వెళ్ళు తల్లీ."

వాళ్ళు మునివేళ్ళ మీద నడుస్తూ వెనక తలుపులోంచి వెళ్ళిపోయారు. ఆ చీకటి హాల్లో ప్రొజెక్టర్ దీపం వెలుగే వాళ్ళకి దారి చూపింది, అందుకే ఆయన దాన్ని ముందే ఆర్పలేదు. చివరి పిల్ల గడప దాటాక ఆయన నాతో మెల్లగా అన్నారు: "అమ్మలూ, నడుచుకుంటూ వెళ్ళి ఆ గోడకున్న ప్లగ్ తీసెయ్. నేను తిప్పుతూనే ఉంటా."

ఆ గోడ ఎంత దూరంగా అనిపించిందో చెప్పలేను. ప్లగ్ లాగాను. చీకట్లో యంత్రం ఇంకాసేపు కిర్రుమని, ఆగింది. ఏమీ అంటుకోలేదు.

తర్వాత ఫైర్ డిపార్ట్‌మెంట్ వాళ్ళు వచ్చి ఆ చుట్టని పట్టుకెళ్ళారు. అప్పుడు చూశాను, అంకుల్ చేతులు వణుకుతున్నాయి. కాఫీ కప్పు మా అమ్మే ఆయన నోటికి అందించాల్సి వచ్చింది.

"మీకు భయం వేయలేదా అంకుల్?"

"చాలా వేసిందమ్మా. కానీ అది మీకు కనబడితే అందరూ ఒకేసారి ఆ చిన్న తలుపు మీద పడేవాళ్ళు."

మొన్నటి చలికాలం, మనవరాళ్ళని స్కూలు నుంచి తెస్తుంటే మంచులో కారు గిర్రున తిరిగిపోయింది. కేక పెట్టబోయాను. నోటి వెంట మాత్రం తాపీగా మాట వచ్చింది: "ఇప్పుడు మన కారు డాన్స్ చేస్తుంది, గట్టిగా పట్టుకోండి." కారు రోడ్డు వారనున్న మంచుగుట్టకి ఆనుకుని ఆగింది.

మంచు పడినప్పుడల్లా చిన్నది ఇప్పటికీ ఆశగా అడుగుతుంది: "అమ్మమ్మా, కార్ మళ్ళీ డాన్స్ చేస్తుందా?"