తొక్కలు తీసిన బొంత

ఎండిన నారింజ తొక్కలను పాత చీరల మధ్య సర్ది, పైన ఇంకో చీర పరిచి, మహబూబ్‌బీ దబ్బనంతో కుట్టడం మొదలుపెట్టింది. పురుగు పట్టకుండా బొంతలో తొక్కలు వేయడం తల్లి నేర్పిన పద్ధతి. తాండూరులో బండల పాలిష్ మిషన్ల వెనక ఒంటరిగా ఉంటూ ముప్పై ఏళ్లుగా ఆమె చేస్తున్నది ఇదే పని. ఈ బొంత బంట్వారంలో మేకలు కాసే రామమ్మది.

“జర మెత్తగ కుట్టు బీబమ్మా. నాకంటె ముందు మా పిల్లి పంటది దాని మీద” అని చెప్పి పోయింది.

ఆరో రోజుకు కుట్టు చివరి అంచుకు వచ్చింది. పక్కన మహబూబ్‌బీ పిల్లి మున్నీ ఒకటే గోక్కుంటోంది. పక్కింటి సంతోషమ్మ గడపలో నిలబడి చూసింది.

“పేలు పట్టినయి బీ. నిమ్మతొక్క రుద్దు, పోతయి.”

“గీరుతది గదనే.”

“గీరనీ. నీ చేతులేమన్న పట్టుచీరెలా?”

ఇద్దరూ నవ్వుకున్నారు. మహబూబ్‌బీ మెడ నుంచి తోక దాకా తొక్క రుద్దింది. మున్నీ మూలకు పోయి ఒళ్లంతా నాక్కుంది. మధ్యాహ్నానికి నోట చొంగ, కాళ్లలో వణుకు. బుట్టలో పెట్టుకుని ఆటోలో పశువుల దవాఖానకు తీసుకుపోయింది. కాంపౌండర్ జంగప్ప సబ్బునీళ్లతో పిల్లిని కడిగాడు. డాక్టరు సూది వేశాడు.

“పండు తొన నాకితే కడుపు చెడుతది, గంతే” అన్నాడు జంగప్ప, నిమ్మతొక్క సంగతి విని. “తొక్కల నూనె ఉంటది సూడు, గది పిల్లికి విషం. నిమ్మదైనా నారింజదైనా గంతే.”

“బతుకుతదా?”

జంగప్ప చేతులు తుడుచుకున్నాడు.

శుక్రవారం పొద్దున మున్నీని రాతిముక్కల కుప్ప పక్కన పూడ్చి వచ్చేసరికి రామమ్మ గడపలో కూర్చుని ఉంది. బొంత మడతపెట్టి పక్కనే ఉంది.

“ఇయ్యి మరి. చలికి సస్తున్న.”

“ఇయ్య. వచ్చే శుక్రవారం రా.”

“కుట్టుడయింది గద! పరాచికమా?”

“లోపల నారింజ తొక్కలున్నయి. నీ పిల్లి దీని మీదనే పంటది.”

రామమ్మ గదంతా చూసింది. “నీ పిల్లేది?”

“పోయింది. నేనే తొక్క రాసిన.”

రామమ్మ లేచి బస్టాండుకు నడిచింది.

మహబూబ్‌బీ బ్లేడుతో కుట్లన్నీ విప్పింది. తొక్కలు ఏరి, చీరలు రెండుసార్లు ఉతికి, వాసన పోయేదాకా ఎండకేసింది. మళ్లీ పరిచి, మొదటి కుట్టు నుంచి కుట్టింది. మున్నీ ఉండే మూల ఖాళీగానే ఉంది.

మరుసటి శుక్రవారం చివరి ముడి వేసి, దారం పంటితో తెంపి, బొంతను ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది.

“పురుగు పడితే తీసుకరా. మల్ల కుడత” అని రామమ్మ చేతుల్లో పెట్టింది.